మార్పులు చేసిన కార్లు, రాత్రిపూట కూటములు

సూరత్ పాతబస్తీలో ‘పురా’ అనే మాటతో ముగిసే పేటలు చాలా ఉన్నాయి. నాన్‌పురా, రుస్తంపురా, గోపీపురా, సలాబత్‌పురా. మన ఊళ్ల పేర్లలో ‘పురం’ ఎలాంటిదో ఇక్కడ ‘పురా’ అలాంటిదే. సలాబత్‌పురా బట్టల వ్యాపారానికి పేరు. పగలు ఇక్కడి రింగ్ రోడ్డు మార్కెట్ల చుట్టూ బట్టల మూటలు వేసుకున్న టెంపోలు, తోపుడు బళ్లు, హమాలీలు, స్కూటర్లు కిక్కిరిసి ఉంటాయి. నడవడానికే సందు దొరకదు. రాత్రి దుకాణాల షట్టర్లు దించాక అదే రోడ్డు వెడల్పుగా, ఖాళీగా కనిపిస్తుంది.

ఇలాంటి ఖాళీ రోడ్లను ఇష్టపడే ఒక వర్గం ప్రపంచంలోని పెద్ద నగరాలన్నిటిలోనూ ఉంది. వాళ్లు తమ కార్లకు రకరకాల మార్పులు చేయించుకుని, రాత్రిపూట ఒకచోట చేరి, ఒకరి బండి ఒకరికి చూపించుకుంటారు. ఫోన్లలో ఈ కార్ల వీడియోలు చూసి ముచ్చటపడని వాళ్లు మా తరగతిలో లేరంటే అతిశయోక్తి కాదు. అయితే ఆ కార్లలో ఏం మారుస్తారు, మారిస్తే ఏం జరుగుతుంది, అందులో ఏది ఒప్పు, ఏది తప్పు అన్నది చాలామందికి తెలియదు. బదిలీ ఉద్యోగుల పిల్లలమైన మనకు ఇది ఇంకా ముఖ్యం. ఎందుకంటే మన ఇంటి కారు ఒకే రాష్ట్రంలో ఉండిపోదు. మనతో పాటే అదీ బదిలీ అవుతుంది. అందుకే మేము సేకరించిన విషయాలను మీతో పంచుకుంటున్నాం.

రాత్రే ఎందుకు?

ఇలాంటి కూటములకు ప్రపంచంలో బాగా పేరుపడిన చోటు జపాన్‌లోని యొకొహామా నగరంలో ఉన్న డైకొకు పార్కింగ్ స్థలం. ఎక్స్‌ప్రెస్ రహదారుల మీద ప్రయాణించే వాళ్లు ఆగి సేద తీరడానికి దాన్ని కట్టారు. చుట్టూ వంతెనలు గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. శని, ఆదివారాల రాత్రులు అక్కడికి పాత కార్లు, కొత్త కార్లు, రంగురంగుల దీపాల కార్లు వందల్లో వస్తాయి. శబ్దం, రద్దీ ఎక్కువైతే పోలీసులు మైకులో చెప్పి అందరినీ పంపించేసి ఆ స్థలాన్ని మూసేస్తారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో దీనికి భిన్నంగా ఉదయమే కాఫీ తాగుతూ కార్లు చూసుకునే పద్ధతి కూడా వచ్చింది. 2001లో మొదలైన ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ సినిమాల వల్ల ఈ మోజు అన్ని దేశాలకూ పాకింది.

రాత్రిని ఎంచుకోవడానికి కారణాలు తేలికైనవే. పగలు అందరికీ పనులుంటాయి. రోడ్ల మీద జనం ఉంటారు. మన దేశంలో ఎండ కూడా ఒక కారణం. పైగా కారుకు పెట్టించిన దీపాలు, మెరిసే రంగులు చీకట్లోనే బాగా కనిపిస్తాయి. సూరత్‌లోనైతే శని, ఆదివారాల రాత్రులు కుటుంబాలన్నీ బయటికి వచ్చి రోడ్ల పక్కన కూర్చుని తినడం, డుమస్ వైపు షికారు వెళ్లడం మామూలే. రాత్రి బయటికి రావడం ఈ ఊరి స్వభావంలోనే ఉంది.

ఒక్క విషయం మాత్రం విడదీసి చూడాలి. కార్లను నిలబెట్టి చూసుకోవడం వేరు, వాటితో పందెం వేయడం వేరు. మొదటిది సరదా. రెండోది ప్రాణాలతో చెలగాటం. కూటమి ఎక్కడ ముగిసి పందెం ఎక్కడ మొదలవుతుందన్నదే అసలు సమస్య.

బండిని మార్చడం మనకు కొత్త కాదు

బండిని మన అవసరానికి తగ్గట్టు మార్చుకోవడం విదేశాల నుంచి వచ్చిన అలవాటేమీ కాదు. విజయవాడ ఆటోనగర్ పేరు వినని తెలుగువాళ్లు ఉండరు. కంపెనీ నుంచి లారీ చాలాసార్లు ఇంజను, చక్రాలు, చాసిస్ మాత్రమే ఉన్న అస్థిపంజరంలా వస్తుంది. దానికి క్యాబిన్, తొట్టి, తలుపులు అన్నీ అక్కడి షెడ్లలోనే కడతారు. దాన్నే ‘బాడీ కట్టించడం’ అంటారు. వెల్డింగ్, టింకరింగ్, పెయింటింగ్, కమాను కట్టలు వేయడం, ఒక్కో పనికి ఒక్కో మేస్త్రి.

గుజరాత్‌లో సౌరాష్ట్ర పల్లెలకు వెళితే ‘ఛకడా’ కనిపిస్తుంది. దానికి ముందు భాగం మోటారు సైకిలు, వెనక భాగం ట్రాలీ. మనుషులు, మేత, పాల క్యాన్లు అన్నీ దాని మీదే. అవసరమే దాన్ని తయారు చేసింది.

సరదా కోసం బండి రూపం మార్చిన వాళ్లలో హైదరాబాదుకు చెందిన కన్యబోయిన సుధాకర్ గారిది ప్రత్యేక స్థానం. బహదూర్‌పురాలో, నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు దగ్గర్లో ఆయన పెట్టిన ‘సుధా కార్స్’ మ్యూజియం 2010 నుంచి నడుస్తోంది. వంకాయ ఆకారంలో కారు, ఫుట్‌బాల్ కారు, కెమెరా కారు, బర్గర్ కారు, మడమ ఎత్తు చెప్పు ఆకారంలో కారు అక్కడ చూడవచ్చు. చాలావాటికి ఇంజను ఉంది, అవి నడుస్తాయి కూడా. పాత సామాను, తుక్కు ఇనుము వీటికి ముడిసరుకు. 2005 జులై 1న ఆయన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిలు తయారుచేసి తొక్కి గిన్నిస్ రికార్డు సాధించారు. కారు మీద ప్రేమను చూపించడానికి రోడ్డు మీద పందెమే అక్కర్లేదని ఆ మ్యూజియం చూస్తే అర్థమవుతుంది.

ఏం మారుస్తారు? మారిస్తే ఏమవుతుంది?

సైలెన్సర్: ఇంజనులో పెట్రోలు మండిన ప్రతిసారీ వేడి గాలి ఒత్తిడితో బయటికి దూకుతుంది. అదే శబ్దం. సైలెన్సర్ లోపల చిన్న గదులు, చిల్లుల గొట్టాలు ఉంటాయి. శబ్ద తరంగాలు వాటిలో అటూ ఇటూ తగిలి వెనక్కి మళ్లి ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. భౌతికశాస్త్రంలో మనం చదివే తరంగాల పాఠం ఇదే. ఆ సైలెన్సర్ తీసేసి ఖాళీ గొట్టం పెడితే శబ్దం తగ్గే దారి పోతుంది. కొందరు దానితో పాటు క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కూడా తీయించేస్తారు. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాల పూత ఉంటుంది. విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌ను అది కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. దాన్ని తీసేస్తే ఆ విషం నేరుగా మన ముక్కుల్లోకి వస్తుంది.

ఇంజను కంప్యూటర్: ఈ కాలపు కార్లలో ఎంత గాలికి ఎంత పెట్రోలు, నిప్పురవ్వ ఏ క్షణంలో అన్నది ఒక చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక పాలు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఆ కంప్యూటర్‌లోని లెక్కలు మార్చి ఇంజను బలం పెంచుతారు. బలం పెరుగుతుంది కానీ వేడి, గేరుబాక్సు మీద భారం కూడా పెరుగుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, బ్రేకులు మాత్రం పాతవే ఉంటాయి. వేగం రెట్టింపైతే బండిలోని గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. అంటే బ్రేకు నొక్కాక ఆగడానికి పట్టే దూరం కూడా దాదాపు నాలుగు రెట్లవుతుంది.

స్ప్రింగులు: కారు నేలకు దగ్గరగా ఉంటే అందంగా ఉంటుందని స్ప్రింగులు కోయించే వాళ్లున్నారు. గరిమనాభి కిందికి దిగితే మలుపుల్లో కారు నిలకడగా ఉంటుందన్న మాట నిజమే. పందెం కార్లు అలాగే ఉంటాయి. కానీ వాటికి తగిన స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు లెక్క ప్రకారం తయారుచేస్తారు. మామూలు స్ప్రింగును కోసేస్తే గుంత వచ్చినప్పుడు చక్రం పైకి లేవడానికి చోటుండదు. టైరు మడ్‌గార్డుకు రాసుకుని చిరగవచ్చు. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్ల సంగతి వేరే చెప్పాలా?

చక్రాలు: కంపెనీ ఇచ్చిన దానికన్నా పెద్ద చక్రం వేస్తే ఒక గమ్మత్తు జరుగుతుంది. స్పీడోమీటర్ చక్రం ఎన్నిసార్లు తిరిగిందో దాన్ని బట్టే వేగం లెక్కగడుతుంది. పాత టైరు చుట్టుకొలత 180 సెంటీమీటర్లు, కొత్తది 189 సెంటీమీటర్లు అనుకుందాం. తేడా 5 శాతం. మీటరులో 80 చూపిస్తున్నప్పుడు కారు నిజంగా 84 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. డ్రైవరుకు తెలియకుండానే వేగ పరిమితి దాటిపోతాడు.

హెడ్‌లైట్లు: పాత బల్బు తీసి ఎక్కువ కాంతి ఇచ్చే బల్బు పెట్టడం చాలా సాధారణంగా కనిపించే మార్పు. బల్బు వెనక ఉండే అద్దం వంపును ఆ పాత బల్బు వెలిగే బిందువును బట్టి తయారుచేస్తారు. వేరే బల్బు పెడితే వెలుగు రోడ్డు మీద పడకుండా చెదిరిపోయి ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లల్లో పడుతుంది. పుటాకార దర్పణం పాఠం చదివిన వాళ్లు దీన్ని సులభంగా గ్రహిస్తారు.

అద్దాలకు నల్ల కాగితం: ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం కాంతి ప్రసరించాలని నిబంధన. లోపల ఎవరున్నారో కనిపించని నల్ల ఫిల్ముల మీద సుప్రీంకోర్టు 2012లోనే గట్టి తీర్పు ఇచ్చింది.

ముందు ఇనుప కమ్మీలు: బండికి రక్షణ అనుకుని వీటిని బిగిస్తారు. నిజానికి ఢీకొన్నప్పుడు కారు ముందు భాగం నలిగిపోయి దెబ్బను తాను తీసుకునేలా దాన్ని తయారుచేస్తారు. కమ్మీ ఆ పని జరగనివ్వదు. గాలిసంచులు సమయానికి తెరుచుకోకపోవచ్చు. పాదచారికి తగిలితే గాయం ఇంకా పెద్దది. అందుకే 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వీటిని తీయించాలని రాష్ట్రాలకు రాసింది.

ఆ శబ్దం ఎవరి చెవిన పడుతుంది?

కారు బయటికి చేసే శబ్దానికి తయారీ దశలోనే పరిమితి ఉంది. మామూలు కారుకు అది 74 డెసిబెల్స్. డెసిబెల్స్ లెక్క కూడికలా ఉండదు. 10 పెరిగితే శబ్ద తీవ్రత 10 రెట్లు, 20 పెరిగితే 100 రెట్లు. అంటే సైలెన్సర్ తీసిన కారు 94 డెసిబెల్స్ చేసిందంటే అది 100 రెట్ల తీవ్రత. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఉండాల్సిన పరిమితి 45 డెసిబెల్స్ మాత్రమే.

ఈ అంకెల వెనక మనుషులున్నారు. సూరత్ మరమగ్గాల మీద పనిచేసే వాళ్లలో వరంగల్, కరీంనగర్, నల్లగొండ వంటి జిల్లాల నుంచి వచ్చిన తెలుగు నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సలాబత్‌పురాకు అవతల లింబాయత్ వైపు వెళితే తెలుగు మాట తరచుగా వినిపిస్తుంది. వాళ్ల పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. మగ్గాల మీద పని చాలాచోట్ల 12 గంటల షిఫ్టు. పగలంతా మగ్గాల చప్పుడులో నిలబడి వచ్చిన మనిషికి దొరికే విశ్రాంతి ఆ రాత్రి కొన్ని గంటలే. ఒకే గదిలో నలుగురైదుగురు పడుకునే ఇంటి ముందు నుంచి ఒక్క కారు టపటపమంటూ వెళితే ఇంటిల్లిపాదీ లేస్తారు. సరదా ఒకరిది, నిద్ర పోయేది మరొకరిది.

చట్టం ఏమంటుంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ చెప్పేది సూటిగా ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కూడా ఈ మాటే స్పష్టం చేసింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి వచ్చిన సవరణల ప్రకారం, ఇలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం వేస్తే మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ, మళ్లీ చేస్తే శిక్ష ఇంకా పెరుగుతుంది.

మన వయసు వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది. 18 ఏళ్లు నిండని పిల్లలు బండి నడిపి నేరం చేస్తే బండి ఇచ్చిన తల్లిదండ్రులకు లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటాయి. ఆ బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ప్రభుత్వోద్యోగంలో ఉన్న అమ్మకో నాన్నకో కేసు తగిలితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అయితే మార్పులన్నీ నేరమని అర్థం కాదు. ఆమోదం పొందిన సీఎన్‌జీ కిట్ పెట్టించుకుని ఆర్‌సీలో రాయించుకోవచ్చు. గుజరాత్‌లో ఇది చాలా మామూలు. రంగు మార్చాలన్నా ఆర్‌టీవో కార్యాలయంలో చెప్పి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. కాళ్లు సరిగా లేని వాళ్ల కోసం చేత్తోనే బ్రేకు, యాక్సిలరేటర్ వేసేలా కారును మార్చడానికి చట్టం దారి చూపింది. మా దృష్టిలో కారుకు చేయగల మార్పులన్నిటిలో గొప్పది అదే.

బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మేముండే క్వార్టర్ల ముందు కార్ల నంబరు పలకలు చూస్తే దేశపటం చూసినట్టే ఉంటుంది. జి.జె. 05 సూరత్‌ది. దాని పక్కనే ఏపీ 39, టీఎస్, టీజీ, మహారాష్ట్ర, ఒడిశా నంబర్లు. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచుకుంటే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. అందుకు పాత ఆర్‌టీవో నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి, కొత్త రాష్ట్రంలో పన్ను కట్టాలి, బండిని తనిఖీకి తీసుకెళ్లాలి. అధికారి ఇంజను నంబరు, చాసిస్ నంబరు, రంగు ఆర్‌సీతో సరిపోల్చి చూస్తారు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీయడం మనలో చాలామంది చూసే ఉంటారు.

ఆర్‌సీలో ఎక్కని మార్పు ఉంటే పని అక్కడే ఆగిపోతుంది. మళ్లీ పాత విడిభాగాలు వెతికి, బిగించి, తేవాలి. అవి వెయ్యి కిలోమీటర్ల అవతలి ఊళ్లో ఏ మెకానిక్ షెడ్డులోనో అమ్ముడైపోయి ఉంటాయి. వాడిన కారు కొనేటప్పుడు కూడా ఈ జాగ్రత్త అవసరం. మార్పు చేసింది పాత యజమానే అయినా ఇప్పుడు జవాబు చెప్పాల్సింది మనమే. బీమా సంస్థకు తెలియజేయని మార్పు వల్ల ప్రమాదం జరిగితే పరిహారం రాకపోయే అవకాశమూ ఉంది.

ఈ తిరుగుడు తగ్గించడానికే కేంద్రం 2021 సెప్టెంబరు 15 నుంచి ‘భారత్ సిరీస్’ నంబర్లు తెచ్చింది. రక్షణ సిబ్బంది, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థల వాళ్లు, నాలుగు లేదా అంతకు మించిన రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులు కోరుకుంటే దీన్ని తీసుకోవచ్చు. నంబరులో మొదట రిజిస్టరైన ఏడాది, తర్వాత బి.హెచ్., తర్వాత నాలుగంకెలు, చివర అక్షరాలు ఉంటాయి. పన్ను ఒకేసారి కాకుండా రెండేళ్లకోసారి కడతారు. బదిలీ అయినా నంబరు మార్చక్కర్లేదు. అయితే 52వ సెక్షన్ ఈ కార్లకూ వర్తిస్తుంది. నంబరు దేశమంతా చెల్లినా, ఆర్‌సీలో లేని మార్పు దేశంలో ఎక్కడా చెల్లదు.

వేగం కావాలంటే?

2023 జులై 20న, అర్ధరాత్రి దాటాక, అహ్మదాబాదులోని ఇస్కాన్ వంతెన మీద ఒక ప్రమాదం జరిగింది. చూడటానికీ, సాయపడటానికీ కొంతమంది అక్కడ గుమిగూడారు. ఇంతలో మరో కారు విపరీతమైన వేగంతో వాళ్ల మీదికి దూసుకొచ్చింది. 9 మంది చనిపోయారు. విధుల్లో ఉన్న కానిస్టేబులు, హోంగార్డు కూడా వాళ్లలో ఉన్నారు. అది మార్పులు చేసిన కార్ల కూటమి కాదు, పందెమూ కాదు. కానీ రాత్రి ఖాళీగా కనిపించే రోడ్డు నిజంగా ఖాళీ కాదని ఆ సంఘటన చెబుతుంది. రాత్రి రోడ్డు మీద ఎవరో ఒకరు ఉంటారు. పని ముగించుకుని వస్తున్న కార్మికుడో, రోడ్డు ఊడ్చే మనిషో, సాయానికి ఆగిన వాడో.

వేగం మీద ఆసక్తి తప్పు కాదు. దానికి చోట్లు వేరే ఉన్నాయి. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ అలాంటివి. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది. 2024లో చెన్నై వీధుల్లో రాత్రిపూట ఫార్ములా 4 పందెం కూడా నిర్వహించారు. ఈ వీధి పందేల కోసం రోడ్లు మూసి, కంచెలు కట్టి, వైద్యులను, అగ్నిమాపక సిబ్బందిని సిద్ధంగా ఉంచారు. ఇంజినీరింగ్ చదివే విద్యార్థుల కోసం ‘బాజా’, ‘సుప్రా’ పోటీలున్నాయి. అందులో పాల్గొనే బండిని విద్యార్థులే రూపొందించి, కట్టి, పరీక్షించి నడపాలి. కారు విప్పి చూడాలన్న కోరిక ఉన్నవాళ్లకు అంతకన్నా మంచి దారి లేదు.

చివరగా కొన్ని మాటలు:

1. ఏ మార్పు చేయించే ముందైనా ‘ఇది ఆర్‌సీలో రాయించుకోవచ్చా?’ అని అడగండి. కాదంటే మానుకోండి.

2. ఇంట్లో అన్నయ్యో, బాబాయో సైలెన్సర్ మార్పిస్తానంటే డెసిబెల్స్ లెక్క చెప్పండి.

3. లైసెన్సు లేకుండా తాళంచెవి ముట్టుకోవద్దు. శిక్ష మనకొక్కరికే కాదు, అమ్మానాన్నలకు కూడా.

4. కార్లు చూడటానికి వెళితే పెద్దవాళ్లతో వెళ్లండి. పందెం మొదలవుతుందనిపిస్తే అక్కడ నిలబడొద్దు.

5. వీడియోలో నచ్చిన ప్రతి కారు వెనక ఉన్న శాస్త్రం ఏమిటో మీ సైన్సు టీచరును అడగండి. మాకు ఈ వ్యాసంలో సగం విషయాలు అలాగే తెలిశాయి.

మళ్లీ ఏ ఊరికి బదిలీ అవుతామో మనకు తెలియదు. ఏ ఊరికి వెళ్లినా మన కారు కాగితాలు సరిగా ఉండాలి, దాని చప్పుడుకు ఆ ఊళ్లో ఎవరి నిద్రా చెడకూడదు. కారు మీద ఇష్టం ఉన్నవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే.